ఫ్రెడీ మెర్క్యురీ: హద్దు తెలిసిన గొంతు

బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ ప్రస్తావన వస్తే చాలు, అతనిది నాలుగు స్థాయిల గొంతు అనే మాట వెంటే వస్తుంది. రికార్డులు ఆ మాటను బలపరచవు. 2016లో క్రిస్టియన్ హెర్బ్స్ట్ అనే గాత్ర పరిశోధకుడి బృందం అతని పాటల నుంచి గాత్రాన్ని విడదీసిన ట్రాకులను కొలిచి చూసింది. నమ్మదగినవిగా తేలిన స్వరాల్లో అన్నిటికంటే కిందిది సుమారు 92 హెర్ట్జ్, పైది 784 హెర్ట్జ్. ఈ రెంటి మధ్య దూరం 37 అర్ధస్వరాలు. అంటే మూడు స్థాయిలు, ఆపైన ఒక్క మెట్టు. మన లెక్కలో చెప్పాలంటే, ఒకటి శ్రుతి పెట్టుకున్న గాయకుడు మంద్రస్థాయి ప్రతిమధ్యమంలో మొదలుపెట్టి, తారస్థాయి కూడా దాటి, ఆ పైస్థాయి పంచమం అందుకున్నట్టు. 1,347 హెర్ట్జ్ దాకా వెళ్లాడనడానికి దొరికిన ఆధారాన్ని ఆ పరిశోధకులే నమ్మలేమని పక్కన పెట్టారు.

మాట్లాడే గొంతు ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. ఆరు ఇంటర్వ్యూలను కొలిస్తే అతని మాట 117.3 హెర్ట్జ్ చుట్టూ తిరుగుతున్నట్టు తేలింది. ఒకటి శ్రుతి షడ్జం 131 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి దానికీ కిందే. బారిటోన్ అనే మధ్యరకం మగ గొంతుల్లో మామూలుగా కనిపించే అంకె అది. రాక్ సంగీతంలో టెనార్‌గా, అంటే పైస్థాయి మగ గొంతుగా, పేరుపడ్డ మనిషి పుట్టుకతో టెనార్ కాదన్నమాట. పైగా 1970ల నడిమి నుంచి నోడ్యూల్స్ అని డాక్టర్లు పిలిచే బొడిపెలు అతని స్వరతంత్రుల మీద ఉన్నాయి. అలాంటి గొంతుతో ఇరవై ఏళ్లపాటు తారస్థాయి రాక్ ఎలా పాడగలిగాడు? ప్రతిభ అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. కానీ స్టూడియో రికార్డునూ అదే పాట కచేరీ రికార్డునూ పక్కపక్కన పెట్టి వింటే వేరే సంగతి తెలుస్తుంది. ఏ స్వరం తాను పాడాలో, ఏది పక్కవాడికి అప్పగించాలో, ఏది టేపుకు, ఏది జనానికి వదిలేయాలో లెక్క తెలిసి చేసిన పని అది.

జాంజిబార్ నుంచి లండన్‌కు

అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబర్ 5న తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలో, స్టోన్ టౌన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు బోమీ, జెర్ గుజరాతీ పార్సీలు. ఇంటిపేరు బుల్సార్ ఊరి నుంచి వచ్చింది, ఇప్పుడు దాన్నే వల్సాడ్ అంటున్నాం. తండ్రి బ్రిటిష్ పాలనలోని హైకోర్టులో క్యాషియర్. కొడుకును ఎనిమిదేళ్ల వయసులో మహారాష్ట్రలోని పంచగనికి, సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూలుకు పంపించారు.

పంచగనిలో అతను నేర్చుకున్నది ప్రధానంగా పియానో. నాలుగో గ్రేడు దాకా పరీక్షలు కట్టాడు. పన్నెండేళ్ల వయసులో తోటి పిల్లలతో కలిసి హెక్టిక్స్ అనే బృందం పెట్టాడు. అందులోనూ అతని చోటు పియానో ముందే, మైకు ముందు నిలబడి పాడింది ఇంకో కుర్రాడు. తర్వాతి కాలంలో అతను కట్టిన పాటలకు ఇదే పునాది. గిటారు పట్టుకుని పాటలు కట్టేవాళ్లు సాధారణంగా మూడు నాలుగు కార్డ్‌ల (ఒకేసారి పలికే స్వరాల గుంపుల) చుట్టూ తిరుగుతారు. పియానో మీద కట్టేవాడికి పది వేళ్ల కింద పది స్వరాలు ఒకేసారి కనిపిస్తాయి, ఏ స్వరం ఏ గొంతుకు ఇవ్వాలో అక్కడే తేలిపోతుంది. ఫ్రెడీ పాటల్లో శ్రుతి మారడాలు, వంతపాటల అల్లికలు అంత దట్టంగా ఉండటానికి కారణం ఆ కూర్చునే చోటు. 1979లో గిటారు మీద కట్టిన ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’ సాదాగా ఉండటానికి కారణమూ అదే. తనకు గిటారు అంతగా రాదని, అందుకే పాట హద్దులో ఉందని అతనే చెప్పుకున్నాడు. మ్యూనిక్ హోటల్లో స్నానాల తొట్టిలో ఉండగా నిమిషాల్లో తట్టిన ఆ పాట 1980లో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది.

1964 జనవరిలో జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. కుటుంబం ఇంగ్లండ్ చేరి లండన్ శివారు ఫెల్తమ్‌లో స్థిరపడింది. ఫ్రెడీ ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివి 1969లో డిప్లొమా పుచ్చుకున్నాడు. ఆ చదువు వృథా పోలేదు. రెండు సింహాలు, ఒక పీత, ఇద్దరు దేవకన్యలు, పైన ఫీనిక్స్ పక్షితో ఉండే క్వీన్ చిహ్నం గీసింది అతనే. నలుగురు సభ్యుల రాశుల బొమ్మలవి. చదువయ్యాక కెన్సింగ్టన్ మార్కెట్‌లో పాత బట్టలమ్మే చిన్న దుకాణం నడిపాడు, ఐబెక్స్, సోర్ మిల్క్ సీ అనే బృందాల్లో కొన్నాళ్లు పాడాడు. 1970లో స్మైల్ బృందం గాయకుడు తప్పుకోగానే గిటారిస్టు బ్రయాన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్‌లతో కలిశాడు. బృందానికి క్వీన్ అనీ తనకు మెర్క్యురీ అనీ పేర్లు పెట్టింది ఆ రోజుల్లోనే. బేస్ వాయించే జాన్ డీకన్ 1971లో వచ్చాడు. ఆ తర్వాత ఫ్రెడీ బతికినంత కాలం ఈ నలుగురిలో ఎవరూ మారలేదు.

ఆ గొంతులో ఏముంది

హెర్బ్స్ట్ బృందం 21 రికార్డింగుల నుంచి 240 దీర్ఘస్వరాలు ఏరి, స్వరం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో లెక్కపెట్టింది. సగటున ఏడుసార్లు. పాశ్చాత్య శాస్త్రీయ గాయకుల కంపితం మామూలుగా ఐదున్నరకూ ఆరున్నరకూ మధ్య ఉంటుంది. ఏడు దగ్గరికి వస్తే గొంతు వణుకు అనే జబ్బు లక్షణానికి పొరుగున ఉన్నట్టే. ఫ్రెడీ ఊపు వేగంగా ఉండటమే కాదు, ఒక తీరున కూడా ఉండదు. సన్నగా మొదలై, కుదురుకుని, మళ్లీ చెదురుతుంది. వినేవాళ్ల ఒళ్లు గగుర్పొడిచేది ఆ అస్థిరత్వం వల్లే. చేయి తిరిగిన అనుకర్తలు కూడా దొరికిపోయేది అక్కడే, ఎందుకంటే వాళ్ల కంపితం మరీ శుభ్రంగా ఉంటుంది.

రెండోది గర్జన. పదాన్ని కొరికినట్టు పాడే చోట్ల స్వరతంత్రులతో పాటు వాటికి పైన ఉండే మిథ్యా తంత్రులు కూడా కంపిస్తాయి. మామూలు మాటలో గానీ పాటలో గానీ వాటికి పని ఉండదు. ఫ్రెడీ గొంతులోకి కెమెరా దించే అవకాశం లేదు కాబట్టి, అదే ధ్వనిని ఒక వృత్తి రాక్ గాయకుడి చేత పలికించి సెకనుకు 4,132 ఫ్రేముల వేగంతో చిత్రించారు. అసలు తంత్రులు మూడుసార్లు కదిలితే మిథ్యా తంత్రులు ఒకసారి కదులుతున్నాయని తేలింది. చెవికి మాత్రం ఆ స్వరం కింద మరో బరువైన స్వరం పలుకుతున్నట్టుంటుంది. బారిటోన్ గొంతు పైకి వెళ్లినా పలచబడనట్టు అనిపించడానికి ఇదొక కారణం.

అతని పై దవడలో నాలుగు పళ్లు ఎక్కువ ఉండేవి, ముందు పళ్లు బయటికి తోసుకొచ్చింది వాటివల్లే. నోట్లో చోటు మారితే గొంతు మారిపోతుందని భయపడి తీయించుకోలేదు. అందులో శాస్త్రం ఎంతుందో తేల్చడం కష్టం గానీ, గొంతు విషయంలో అతని జాగ్రత్త ఏపాటిదో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. అంత జాగ్రత్తపరుడు సిగరెట్లు ఎందుకు కాల్చాడంటే మాత్రం సమాధానం లేదు.

24 ట్రాకుల మీద 180 గొంతులు

ఫ్రెడీ రాసిన క్వీన్ పాట ‘బొహీమియన్ రాప్సొడీ’ని గురించి ఎన్నో కథలున్నాయి. పని ఎలా జరిగిందన్నది వాటికంటే బాగుంటుంది. 1975 ఆగస్టు 24న వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో రికార్డింగు మొదలైంది. పాట నిడివి 5 నిమిషాల 55 సెకన్లు. మొదటి 49 సెకన్లు బృందగానం, 2:37 దాకా పియానో మీద నడిచే విలంబ భాగం, 3:05 దాకా గిటారు, 4:07 దాకా ఒపెరా (పాశ్చాత్య సంగీత నాటకం) తీరు, 4:54 దాకా రాక్, ఆపైన ముగింపు. ముందు పియానో, బేస్, డ్రమ్స్‌తో అస్థిపంజరం ఎక్కించారు. ఒపెరా భాగానికి టేపు మీద చోటు మాత్రం వదిలారు. అక్కడ ఏం వస్తుందో పూర్తిగా తెలిసింది ఫ్రెడీ ఒక్కడికే. చిన్న ముక్కగా మొదలైన ఆ ఒపెరా, అతను రోజూ ఇంకో ‘గెలీలియో’ చేరుస్తూ పోవడంతో పెరిగింది. ఆ ఒక్క నిమిషానికే మూడు వారాలు పట్టింది, రోజుకు పది పన్నెండు గంటలు పాడారు.

అప్పటి టేపు మీద ఉన్నవి 24 ట్రాకులే, అంటే విడివిడిగా ధ్వని ఎక్కించగల 24 పాయలే. వాయిద్యాలు తీసుకోగా మిగిలిన వాటిలో 180 గొంతులు పట్టించాలంటే దారి ఒక్కటే. ఫ్రెడీ, బ్రయాన్ మే, టేలర్ ముగ్గురూ కలిసి ఒక వరసను పాడతారు. అదే వరసను మళ్లీ, మళ్లీ పాడి వేర్వేరు ట్రాకుల మీద ఎక్కిస్తారు. అన్నింటినీ కలిపి ఒకటి రెండు ట్రాకుల్లోకి దించుతారు. ఖాళీ అయిన ట్రాకుల మీద తర్వాతి వరస మొదలవుతుంది. స్టూడియోవాళ్లు దీన్ని బౌన్స్ చేయడం అంటారు.

ఈ పద్ధతిలో చెడేవి మూడు. ఒకసారి కలిపాక విడదీయలేరు. ఒక గొంతు ఎక్కువగా వినిపిస్తోందని తర్వాత తెలిస్తే ఆ వరస మొత్తం మళ్లీ పాడాలి. రెండోది, దించిన ప్రతిసారీ టేపు సహజంగా చేసే ‘హిస్’ చప్పుడు పెరుగుతుంది, పై ధ్వనుల మెరుపు తగ్గుతుంది. అందుకని చివరికి మసకబారతాయని తెలిసిన వరసలను మొదట్లో కాస్త పదునుగా పట్టించుకోవాలి. మూడోది యంత్రం వల్ల వచ్చేది. టేపు మీద ధ్వనిని మోసేది ఐరన్ ఆక్సైడ్ పూత. టేపు హెడ్ మీదుగా వందలసార్లు నడిస్తే ఆ పూత రాలిపోతుంది. ఈ పాట టేపును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వైపు కనిపించేదని నిర్మాత రాయ్ థామస్ బేకర్ తర్వాతి రోజుల్లో చెప్పుకొచ్చాడు. పూత పూర్తిగా పోకముందే కొత్త టేపు మీదికి ఎక్కించుకోవాలి, అలా ఎక్కించినప్పుడు మళ్లీ ఒక తరం నష్టం.

గొంతుల పంపకంలోనూ లెక్క కనిపిస్తుంది. కింది స్వరాలు బ్రయాన్ మేవి, మధ్యవి ఫ్రెడీవి, పైవి రోజర్ టేలర్‌వి. ఒపెరా భాగం చివర చెవిలో గుచ్చుకునే ఆ శిఖరస్వరం ఫ్రెడీ పాడిందని చాలామంది అనుకుంటారు. అది టేలర్ దొంగ గొంతు (ఫాల్సెటో). మూడు స్థాయిలు పలికే గాయకుడు తనకు హాయిగా ఉండే మధ్య వరసలో ఆగి, పైమెట్టు పక్కవాడికి ఇచ్చాడు. దానికి భిన్నంగా మొదటి 49 సెకన్లలో వినిపించే బృందమంతా ఫ్రెడీ ఒక్కడే. తన పాటను తానే అక్షరం పొల్లుపోకుండా మళ్లీ పాడగలగడం ఇక్కడ అక్కరకొచ్చింది. హల్లులు ఒకే క్షణంలో పడాలి, లేకపోతే ఐదు ‘స’లు వరుసగా బుసకొట్టినట్టు వినిపిస్తాయి. కంపితాన్ని అణచిపెట్టాలి, ఐదు పొరలూ ఐదు రకాలుగా ఊగితే కార్డ్ అలుక్కుపోతుంది. ఏకగానంలో అతని ఆస్తి అయిన ఆ అస్థిరమైన ఊపు బృందగానంలో పనికిరాదు. రెంటికీ రెండు గొంతులు అతను విడిగా అట్టేపెట్టుకున్నాడు.

1975 అక్టోబర్ 31న విడుదలైన ఆ పాట రేడియోకు మరీ పొడవని అందరూ అన్నారు. కెనీ ఎవరెట్ అనే అనౌన్సర్ లండన్ కేపిటల్ రేడియోలో ఒక వారాంతంలో 14 సార్లు వేశాడు. బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది వచ్చిన ‘సమ్‌బడీ టు లవ్’లో అదే ముగ్గురు, అదే పద్ధతిలో, ఒక చర్చి బృందం మొత్తాన్ని సృష్టించారు.

డబ్బు లెక్క

1975 నాటికి క్వీన్ పాటలు హిట్టవుతున్నా నలుగురూ వారం జీతానికి పనిచేసేవాళ్లు. 1972లో ట్రైడెంట్ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో రికార్డింగు, పాటల హక్కులు, నిర్వహణ మూడూ ఆ సంస్థ చేతిలోనే ఉన్నాయి. ముగ్గురు వేర్వేరు మనుషులైతే కళాకారుడి తరఫున ఒకరితో ఒకరు బేరమాడేవాళ్లు. ముగ్గురూ ఒకరే అయినప్పుడు ఆ బేరానికి చోటుండదు. బయటపడటానికి బృందం 1,00,000 పౌండ్లు, రాబోయే ఆరు ఆల్బమ్‌ల రాయల్టీలో ఒక శాతం ఇచ్చుకోవాల్సి వచ్చింది. ‘బొహీమియన్ రాప్సొడీ’ ఆడకపోతే దివాలా తీసేవాళ్లే.

పాట ఎవరు రాస్తే వాళ్లకే రచయిత రాయల్టీ అన్న పద్ధతి లోపల కూడా చిచ్చు పెట్టింది. ‘రాప్సొడీ’ రికార్డు రెండో వైపున ఉన్నది టేలర్ రాసిన పాట. జనం కొన్నది మొదటి వైపు కోసమే అయినా ఆ రికార్డు అమ్మకం మీద ఇద్దరికీ సమానంగా ముట్టింది. 1981 నాటి ‘గ్రేటెస్ట్ హిట్స్’లోని 17 పాటల్లో ఫ్రెడీవి 10. బ్రిటన్‌లో 70 లక్షల ప్రతులు దాటిన మొదటి ఆల్బమ్ అదే. చివరికి 1989 నాటి ‘ది మిరకిల్’ నుంచి ప్రతి పాటా నలుగురి పేరు మీదే వేసుకోవడంతో ఆ పేచీ తీరింది.

వేదిక మీద ఏం తగ్గించాడు

స్వరతంత్రులు 440 హెర్ట్జ్ స్వరం పలికినప్పుడు సెకనుకు 440 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. గట్టిగా, ఛాతీ గొంతుతో, రెండు గంటలపాటు, వరుసగా నాలుగైదు రాత్రులు అలా పాడితే తగిలే చోట వాపు వస్తుంది. వాపు తగ్గకముందే మళ్లీ పాడితే అది గట్టిపడి బొడిపె అవుతుంది. బొడిపె ఉంటే తంత్రులు పూర్తిగా మూసుకోవు, ఆ సందులోంచి గాలి జారిపోతుంది. ముందు పోయేది మెత్తగా పాడే పైస్వరాలు. గట్టిగా నెడితే ఇంకా పలుకుతాయి కాబట్టి గాయకుడు ఇంకా నెడతాడు, దానితో బొడిపె పెరుగుతుంది. 1975 అమెరికా పర్యటనలో ఫ్రెడీకి జరిగింది ఇదే. కొన్ని కచేరీలు రద్దయ్యాయి, డాక్టర్లు గొంతుకు పూర్తి విశ్రాంతి ఇవ్వమన్నారు. 1984లో దక్షిణాఫ్రికాలోని సన్ సిటీలోనూ గొంతు పట్టేసి కచేరీలు ఆగిపోయాయి. వర్ణవివక్ష మీద బహిష్కారం నడుస్తున్న కాలంలో అక్కడ పాడటమే పెద్ద తప్పు, ఇంగ్లండ్‌లో సంగీతకారుల సంఘం జరిమానా కూడా వేసింది.

అందుకే కచేరీ రికార్డింగుల్లో అతను స్టూడియో స్వరాలను తరచు దించి పాడతాడు. పైకి ఎగరాల్సిన చోట మూడో స్వరమో ఐదో స్వరమో కిందికి పట్టుకుని కొత్త సంచారం వేస్తాడు. దించినట్టు కాకుండా మార్చినట్టు వినిపించడమే అందులో నేర్పు. ‘వి ఆర్ ది చాంపియన్స్’ పల్లవిలో అతను కింద ఉంటే టేలర్ డ్రమ్స్ వెనక నుంచి పైస్వరం అందుకుంటాడు. ఒకే పర్యటనలో మొదటి రాత్రి రికార్డింగునూ వారం తర్వాతి దాన్నీ పోలిస్తే దించిన చోట్లు పెరిగినట్టు వినిపిస్తుంది. అభిమానులు కొందరు దీన్ని లోపంగా ఎంచుతారు. మర్నాడు మళ్లీ పాడాల్సినవాడికి వేరే మార్గం లేదు.

ఒపెరా భాగాన్ని అసలు పాడనే లేదు. ముగ్గురు మనుషులు 180 గొంతులు కాలేరు. దీపాలు ఆర్పి, టేపు వేసి, నలుగురూ వేదిక దిగి, రాక్ భాగానికి పొగలోంచి తిరిగొచ్చేవారు. ఫ్రెడీ గొంతుకు ఒక నిమిషం ఊపిరి, బట్టలు మార్చుకోవడానికి సమయం రెండూ కలిసొచ్చేవి.

జనంతో ‘ఏ... ఓ’ అని పలికించే ఆటకూ ఇలాంటి ప్రయోజనమే ఉంది. అతను చిన్న సంచారం పాడతాడు, డెబ్బై వేలమంది తిరిగి పాడతారు. పాట మధ్యలో సగం సమయం మౌనం, మిగతా సగం తనకు నచ్చిన స్వరస్థానంలో గొంతు సవరించుకోవడం. వేదిక మీద సాధకం అది.

చేతిలోని సగం మైక్ స్టాండు తొలిరోజుల కచేరీలో అనుకోకుండా విరిగిన ముక్క. బరువైన అడుగుభాగం ఊడిపోతే అలాగే పట్టుకుని పాడేశాడు, తర్వాత దాన్నే ఉంచేసుకున్నాడు. 1985 నాటి లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీలో ఆ కడ్డీ చివర ఉన్నది షూర్ 565 మైకు. ఈ రకం మైకులు మూతికి దగ్గరగా ఉంటే మంద్రాన్ని పెంచుతాయి, దూరం పోతే గొంతు పలచబడుతుంది. తల భాగాన్ని అరచేత్తో మూసి పట్టుకుంటే ధ్వని ముద్దయి, స్పీకర్లు కూతపెడతాయి. కడ్డీ పట్టుకున్నవాడి చేయి మైకు తల మీదికి పోదు, దూరాన్ని మోచేతితో అంగుళాల లెక్కన సవరించుకోవచ్చు. కత్తిలా, గిటారులా తిప్పడం అదనం.

లైవ్ ఎయిడ్ ఇరవై ఒక్క నిమిషాలు

1985 జూలై 13, వెంబ్లీ, సాయంత్రం 6:41. సుమారు 72,000 మంది. క్వీన్ లండన్‌లోని షా థియేటర్‌లో ముందే గడియారం పెట్టుకుని సాధన చేసి వచ్చింది. పాటలను కోసి కూర్చిన తీరు చూడాలి. ‘రాప్సొడీ’ విలంబ భాగంతో మొదలు. ఫ్రెడీ పియానో ముందు కూర్చుని పాడతాడు, ఒపెరా రాకముందే ఆపేస్తారు కాబట్టి టేపు అక్కర్లేదు. తర్వాత ‘రేడియో గాగా’, పల్లవిలో చప్పట్లు జనానివి. వెంటనే ‘ఏ... ఓ’. ఆపైన ‘హ్యామర్ టు ఫాల్’, గొంతుకు అసలైన బరువు ఇక్కడే. దాని వెనకే ‘క్రేజీ లిటిల్ థింగ్’, కింది స్థాయిలో తేలిగ్గా నడిచే పాట, చేతిలో గిటారు. ‘వి విల్ రాక్ యు’ కొద్దిగా తగిలించి, ‘చాంపియన్స్’తో ముగింపు. భారమైనదాని పక్కన తేలికది, మధ్యలో జనం వంతు. చూసేవాళ్లకు మాత్రం 21 నిమిషాలూ ఒకే ఉరవడి. 1984 నుంచి బృందంతో పర్యటిస్తున్న స్పైక్ ఎడ్నీ అనే కీబోర్డు కళాకారుడు ఉండటంతో ఫ్రెడీకి అన్ని పాటలకూ పియానో ముందు కట్టుబడి ఉండాల్సిన పని కూడా తప్పింది.

ఫ్రెడీ జీవితం మీద 2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమా ఈ ఘట్టానికి ముందు బృందం విడిపోయినట్టూ, ఫ్రెడీ తన జబ్బు సంగతి అప్పటికే మిగతావారికి చెప్పినట్టూ చూపించింది. రెండూ నిజం కావు. అంతకు రెండు నెలల ముందే క్వీన్ జపాన్‌లో పర్యటన ముగించింది. ఎయిడ్స్ నిర్ధారణ అయింది 1987లో.

బార్సిలోనా

1980లలో అతను విడిగా చేసిన పనిలో ‘మిస్టర్ బ్యాడ్ గై’ ఆల్బమ్ కంటే స్పెయిన్ ఒపెరా గాయని మోంత్సెరాత్ కబాయేతో చేసిన ‘బార్సిలోనా’ ఎంతో గట్టిది. లండన్‌లో ఇటలీ టెనార్ పవరాటి కోసమని వెర్ది రాసిన ఒపెరాకు వెళ్లి, కబాయే గొంతుకు దాసోహమన్నాడు. 1987 మార్చిలో బార్సిలోనాలో కలిశారు. ఆమె కార్యక్రమాలు ఏళ్ల ముందే ఖరారై ఉంటాయి, స్టూడియోలో కూర్చుని పాట కట్టే తీరిక లేదు. అందుకని ఆమె వరసలను కూడా ఫ్రెడీయే దొంగ గొంతుతో పాడి టేపులు పంపేవాడు, ఆమె వాటిని విని తన గాత్రం ఎక్కించేది. సోప్రానో (పైస్థాయి ఆడ గొంతు) పక్కన తాను టెనార్‌గా కాకుండా బారిటోన్‌గా పాడిన చోట్లు ఈ ఆల్బమ్‌లో చాలా ఉన్నాయి. అతని సహజమైన గొంతు ఎలా ఉంటుందో వినాలనుకునేవాళ్లు రాక్ పాటలకంటే ముందు ఇది వినాలి. 1988 అక్టోబర్ 8న బార్సిలోనాలో ఇద్దరూ కనిపించిన కార్యక్రమంలో మాత్రం రికార్డుకు పెదవులు కదిపారు.

చివరి టేపులు

మామూలు కచేరీలు 1986 ఆగస్టు 9న నెబ్‌వర్త్‌తో ముగిశాయి. పర్యటనలు ఆగాక గొంతుకు జరిగిన మేలు రికార్డుల్లో వినిపిస్తుంది. రోజూ పాడాల్సిన పని లేదు, మర్నాటి కోసం దాచుకోనక్కర్లేదు. శరీరం కృశించిపోతున్నా 1991 నాటి ‘ఇనుఎండో’ ఆల్బమ్‌లోని గాత్రం ముందటి పదేళ్ల కంటే బలంగా ఉండటం చాలామందికి మింగుడుపడదు. శక్తి అంతా ఆ కొద్ది గంటలకు దాచి వాడటమే కారణం. ‘ది షో మస్ట్ గో ఆన్’ పైస్వరాలు అతను అందుకోగలడా అని బ్రయాన్ మే సందేహించాడు. కొంచెం వోడ్కా పుచ్చుకుని ఫ్రెడీ ఆ పని ముగించాడని మే చాలాసార్లు చెప్పాడు.

1991 వసంతంలో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో, బృందానికే చెందిన మౌంటెన్ స్టూడియోలో పని పద్ధతి మారింది. పాట పూర్తయ్యేదాకా ఆగే వ్యవధి లేదు. డ్రమ్ మెషీన్ మీద తాళం, దాని మీద పల్చగా కార్డ్‌లు, బ్రయాన్ మే అప్పటికప్పుడు రాసిచ్చిన చరణాలు. ఫ్రెడీ ఒక్కో పంక్తిని రెండు మూడుసార్లు పాడి తర్వాతిదానికి వెళ్లేవాడు. వాయిద్యాలు తర్వాత మిగిలిన ముగ్గురూ కట్టుకుంటారు. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. గాయకుడు తుది సంగీతం వినకుండా పాడతాడు కాబట్టి, ఎక్కడ ఉధృతి పెంచాలో ఊహించుకోవాలి. వాయించేవాళ్లు ఆ ఊహకు తగ్గట్టు సంగీతాన్ని పేర్చాలి, వెనక్కి అడగడానికి మనిషి ఉండడు. మే నెలలో ఫ్రెడీ ‘మదర్ లవ్’ పాడుతూ చివరి చరణం ముందు ఆపి, కాస్త విశ్రాంతి తీసుకుని వస్తానని వెళ్లాడు. రాలేదు. ఆ చరణం బ్రయాన్ మే గొంతులో ఉంది.

తనకు ఎయిడ్స్ ఉందని నవంబర్ 23న ప్రకటన ఇచ్చాడు. మర్నాడు రాత్రి లండన్‌లోని తన ఇల్లు గార్డెన్ లాడ్జ్‌లో, 45 ఏళ్ల వయసులో, ఆ జబ్బు తెచ్చిన న్యుమోనియాతో చనిపోయాడు. నవంబర్ 27న పార్సీ పూజారులు అంత్యక్రియలు జరిపించారు.

మిగిలిన టేపులతో ‘మేడ్ ఇన్ హెవెన్’ 1995లో వచ్చింది. అందులో సగం పైచిలుకు అతుకుల పనే. సొంత ఆల్బమ్ నుంచి గాత్రం మాత్రం తీసుకుని చుట్టూ కొత్త వాయిద్యాలు పేర్చిన పాటలు రెండున్నాయి. 1988లో ‘ది మిరకిల్’ కోసం పాడి పక్కన పడేసిన ‘ఫేస్ ఇట్ అలోన్’ టేపు బాగు చేయడానికి వీల్లేనిదని అందరూ చాలాకాలం నమ్మారు. ఇంజినీర్లు ముక్కలను ఒకచోటికి చేర్చి కుట్టాక 2022 అక్టోబర్‌లో విడుదల చేశారు. అందులో ఫ్రెడీ పాడినది ఎక్కువ భాగం కింది స్థాయిలోనే.